మారథాన్ సాధన – అనారోగ్యం : ఒక పరిశీలన

పరుగెత్తి పాలు త్రాగేకంటే నిలబడి నీళ్ళు త్రాగడం మేలని మన పెద్దలు చెప్పిన సామెత. మా ఇంట్లో ఇదే భావాన్ని మా అమ్మీ ఉర్దూలో “జల్దీ కా కామ్ షైతాన్ కా” అని చెప్పేవారు. రెండు భాషల సామెతలనూ చిన్నప్పటినుండి వింటూ పెరిగినవాడినే అయినప్పటికీ, వాటి అర్థం నాకు ఆసుపత్రి మంచం మీదగాని బోధపడలేదు. తెలుగు ఉపన్యాసకుడినైన నేను వైద్యుడను కాను, వ్యాయామ శాస్త్రవేత్తను అంతకంటే కాను. అయితే సుదూరపు పరుగు కొరకు సాధన చేసి, మధ్యలో జబ్బుపడి, ఆ తరువాత ఆ విషయాన్ని గురించి శ్రద్ధగా చదివి తెలిసికొన్నవాడిని. మన కళాశాలలో క్రీడలయందు ఆసక్తి గల విద్యార్థినీ విద్యార్థులకు ఈ నాలుగు మాటలు ఉపకరిస్తాయనే ఆశతో ఈ వ్యాసాన్ని వ్రాస్తున్నాను.

మారథాన్ పూర్వగాథ

క్రీ.పూ. 490లో మారథాన్ అనే చోట ఏథెన్సు సేన పర్షియా సేనను ఓడించింది. ఆ విజయవార్తను మోసికొని ఒక వార్తాహరుడు ఏథెన్సు నగరం వరకు పరుగెత్తి, మాట చెప్పి, అక్కడికక్కడే ప్రాణం విడిచినాడని ఒక గాథ ఉన్నది. ఆ యుద్ధానికి కాలంలో సమీపంగా ఉన్న చరిత్రకారుడు హెరొడోటస్ ఈ మరణాన్ని చెప్పలేదు. ఏథెన్సు నుండి స్పార్టాకు సహాయం కోరుతూ పరుగెత్తిన ఒక దూతను గురించి మాత్రమే ఆయన చెప్పినాడు. చనిపోయిన వార్తాహరుని కథ సుమారు అయిదు వందల ఏండ్ల తరువాతి రచనలలో కనిపిస్తుంది. 1896లో ఏథెన్సులో ఆధునిక ఒలింపిక్స్ ఆరంభమైనప్పుడు ఈ గాథ పేరుమీదనే మారథాన్ పరుగు పుట్టింది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన 42.195 కిలోమీటర్ల దూరమే 1921లో ప్రమాణంగా స్థిరపడింది.

ఈ గాథలో ఒక ప్రమాదం దాగి ఉన్నది. ప్రాణం పోయినా సరే గమ్యం చేరడమే గొప్ప అనే భావాన్ని అది మనకు తెలియకుండానే నేర్పుతుంది. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్ మారథాన్‌లో పోర్చుగల్ దేశపు యువకుడు ఫ్రాన్సిస్కో లాజారో మండుటెండలో సుమారు 30 కిలోమీటర్ల వద్ద కూలిపోయి, మరునాడు మరణించినాడు. ఒంటికి మైనం వంటి పూత పూసికొన్నందువల్ల చెమట సరిగా వెలువడలేదని చెబుతారు. పుక్కిటి కథలోని మరణానికి మనం చప్పట్లు కొట్టవచ్చు గాని, లాజారో మరణం వెనుక ఒక నిజమైన కుటుంబపు దుఃఖం ఉన్నది.

సాధన దేహంలో ఏమి చేస్తుంది?

మారథాన్ సాధన సాధారణంగా నాలుగైదు మాసాలు సాగుతుంది. వారం వారం దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోవడమే దాని పద్ధతి. ఈ అభ్యాసంవల్ల గుండె ఒక్కొక్క కొట్టుకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. కండరాలలో సన్నని రక్తనాళాలు వృద్ధి చెందుతాయి. దేహం కొవ్వును ఇంధనంగా వాడుకోవడంలో నేర్పు పొందుతుంది. అయితే ఈ మేలంతా పరుగెత్తే వేళలో జరుగదు. పరుగు కండరాన్ని కొంత దెబ్బతీస్తుంది. తరువాతి నిద్ర, ఆహారం, విశ్రాంతి ఆ దెబ్బను పూడ్చి, మునుపటికంటే గట్టిగా కడతాయి. దున్నిన చేను కొంతకాలం ఆరితేగాని విత్తుకు పనికిరాదన్న సంగతి రైతు బిడ్డలకు నేను చెప్పనక్కరలేదు.

విశ్రాంతి తక్కువై శ్రమ ఎక్కువైనప్పుడు ఏమౌతుంది? 1987లో లాస్ ఏంజెలెస్ మారథాన్‌లో పాల్గొన్న సుమారు 2,300 మందిని గురించి జరిగిన అధ్యయనం ఇందుకు సమాధానమిస్తుంది. పరుగు ముగిసిన వారంలో వారిలో 12.9 శాతం మంది జలుబు, గొంతునొప్పి వంటి బాధలకు లోనైనారు. అంతే సాధన చేసికూడా ఆనాడు పరుగెత్తనివారిలో 2.2 శాతం మంది మాత్రమే జబ్బుపడినారు. సాధన కాలంలో సైతం వారానికి 96 కిలోమీటర్లకు మించి పరుగెత్తినవారు, 32 కిలోమీటర్లకు తక్కువగా పరుగెత్తినవారికంటే రెట్టింపుగా జబ్బుపడినట్లు తేలింది. ఇవి పరుగెత్తినవారు స్వయంగా చెప్పిన వివరాలేగాని ప్రయోగశాల పరీక్షలు కావు. అయినప్పటికీ, మితిమీరిన శ్రమ రోగానికి తలుపు తీస్తుందన్న హెచ్చరిక వీటిలో ఉన్నది. నిద్ర సంగతి కూడా ఇటువంటిదే. 2015లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కులలో జలుబు క్రిములను వేసి చూడగా, రాత్రికి ఆరు గంటలకంటే తక్కువ నిద్రించినవారు ఏడు గంటలకు పైగా నిద్రించినవారికంటే నాలుగు రెట్లు అధికంగా జలుబు బారిన పడినారు. రాత్రి పన్నెండు వరకు మేల్కొని, తెల్లవారుజామున నాలుగింటికే లేచి పరుగుకు బయలుదేరడం సాధన అనిపించుకోదు.

నా అనుభవం

మూడేండ్ల క్రితం, నా ముప్ఫయి నాలుగో ఏట, ఆగస్టు చివర జరిగే హైదరాబాదు మారథాన్‌లో పాల్గొనాలని సంకల్పించినాను. ఏప్రిల్‌లో సాధన మొదలుపెట్టినాను. ఆ తేదీకి సాధన చేసేవారికి ఒక చిక్కు ఉన్నది. మొదటి రెండు మాసాలు మండు వేసవి, తరువాతి రెండు మాసాలు వానాకాలం. వానలతోపాటు దోమలు, విషజ్వరాలు ఎలాగూ వస్తాయి. ఈ ఆలోచన నాకు లేకపోగా, జూన్‌లో కళాశాల తెరచిన రోజున ప్రార్థన సమావేశంలో, “ఈ ఏడు నేను 42 కిలోమీటర్లు పరుగెత్తబోతున్నాను” అని అందరి ఎదుట ప్రకటించినాను. పిల్లలు చప్పట్లు కొట్టినారు. ఆనాటినుండి అది నా ఆరోగ్యం కొరకు చేసే సాధన కాకుండా, నిలుపుకోవలసిన మాటగా మారిపోయింది.

జూలై నడుమ ఒక శుక్రవారం సాయంత్రం ఒళ్ళు వెచ్చబడింది. కళ్ళ వెనుక నొప్పి, నడుము పీకులు. ఆదివారం నా పట్టికలో 24 కిలోమీటర్ల పరుగు వ్రాసి ఉన్నది. జ్వరం సంగతి ఇంట్లో చెప్పకుండా, దుకాణంలో ఒళ్ళునొప్పుల మాత్ర కొని వేసికొని, ఆదివారం తెల్లవారుజామున బైపాస్ రోడ్డు మీదికి వెళ్ళినాను. పందొమ్మిదో కిలోమీటరు వద్ద కళ్ళు తిరిగి ఒక టీ కొట్టు బల్లమీద కూలబడినాను. ఆ కొట్టు యజమాని నా ముఖాన నీళ్ళు చల్లి, నా చేతి ఫోన్‌నుండి ఇంటికి కబురు చేసినాడు. పరీక్షలో డెంగ్యూ అని తేలింది. అయిదవ రోజుకు ప్లేట్‌లెట్ల సంఖ్య 38,000కు పడిపోయింది. ఆరోగ్యవంతునిలో అది కనీసం లక్షన్నర ఉండవలసినది. మా అమ్మీ మంచం ప్రక్కన కూర్చొని ఏడ్చిన రాత్రిని నేను మరువలేను. “ఎవరికి చూపించడానికి బేటా ఇదంతా?” అని మాత్రం అడిగినారు. నా వద్ద జవాబు లేకపోయింది.

నేను మింగిన మాత్ర మరొక తప్పు అని వైద్యులు తరువాత చెప్పినారు. డెంగ్యూ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు రక్తస్రావపు ప్రమాదాన్ని పెంచుతాయి గనుక వాటిని వాడరాదు. జ్వరానికి పారాసిటమాల్‌ను, అదికూడా వైద్యుని సలహా మేరకే వాడవలె. పైగా అటువంటి నొప్పి మాత్రలు వేసికొని చెమటలు క్రక్కుతూ పరుగెత్తితే మూత్రపిండాలకు హాని కలుగవచ్చును.

సగం చదివిన కథ

ఆసుపత్రినుండి వచ్చేనాటికి పరుగుకు అయిదు వారాలు మిగిలి ఉన్నవి. అప్పటికీ నా ఆశ చావలేదు. అందుకు కారణం నేను చదివిన ఒక కథ. ఇథియోపియా వీరుడు అబేబే బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఉత్తపాదాలతో పరుగెత్తి మారథాన్ గెలిచినాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు ఆరు వారాలైనా లేని సమయంలో ఆయనకు అపెండిసైటిస్ వచ్చి శస్త్రచికిత్స జరిగింది. అయినా అక్టోబరు 21న ఆయన 2 గంటల 12 నిమిషాల 11.2 సెకండ్లలో, రెండవవానికంటే నాలుగు నిమిషాలకు పైగా ముందు గమ్యం చేరి, ప్రపంచంలో అంతవరకు లేని వేగాన్ని సాధించినాడు. రెండుమార్లు ఒలింపిక్ మారథాన్ గెలిచిన మొదటి వ్యక్తి ఆయనే. బికిలా చేయగలిగినది నేనెందుకు చేయలేను అని వైద్యులను అడిగినాను.

వారు నవ్వి, “ఆయన కడుపులో ఒక చోట గాయం మానవలసి ఉన్నది, మీ దేహమంతా కోలుకోవలసి ఉన్నది. అదీగాక ఆయన వెనుక ఏండ్ల సాధన ఉన్నది, మీ వెనుక మూడు మాసాలు” అన్నారు. ఇంటికి వచ్చి బికిలా కథను మిగతా సగం చదివినాను. 1968 మెక్సికో ఒలింపిక్స్‌కు ఆయన కాలి గాయంతోనే వెళ్ళినాడు. సుమారు 17 కిలోమీటర్లు పరుగెత్తి, ఇక లాభం లేదని గ్రహించి తప్పుకొన్నాడు. ఆయన దేశస్థుడే అయిన మామో వోల్డే ఆనాడు స్వర్ణం గెలిచినాడు. 1969లో కారు ప్రమాదంలో బికిలాకు నడుము క్రింది భాగం చచ్చుబడింది. మరుసటి ఏడు చక్రాల కుర్చీలో కూర్చొని ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ క్రీడలలో విలువిద్యా పోటీలో పాల్గొన్నాడు. 1973లో, 41వ ఏట మరణించినాడు. టోక్యోలో గెలిచినవాడూ, మెక్సికోలో తప్పుకొన్నవాడూ ఒక్కడే. ఆయన పట్టుదల రెండు చోట్లా ఒక్కటే. దేహపు స్థితి మాత్రం వేరు. ఈ సంగతి తెలియకుండా గొప్పవారి కథలను సగం చదివి ఆదర్శంగా పెట్టుకోవడం ఎంత హానికరమో నాకు అప్పుడు అర్థమైనది.

మరి ఇద్దరి చరిత్రలు

చెకోస్లొవేకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ – మూడింటా స్వర్ణాలు గెలిచిన మహావీరుడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు కొద్ది వారాల ముందు ఆయనకు హెర్నియా శస్త్రచికిత్స జరిగింది. ఆయన పరుగెత్తి ఆరవ స్థానంలో ముగించినాడు. ఆనాటి విజేత ఫ్రాన్సు తరఫున పరుగెత్తిన అల్జీరియా బిడ్డ అలేన్ మిమూన్. ఆయన కూడా 1944లో యుద్ధంలో గాయపడి, పాదం తీసివేయవలసి వస్తుందన్న స్థితినుండి బయటపడినవాడే. మిమూన్ గమ్యం వద్ద నిలబడి తన పాత ప్రత్యర్థి కొరకు ఎదురుచూచినాడు. వచ్చిన జాటోపెక్ ఆయనను అభినందించి కౌగిలించుకొన్నాడు. ఆరవ స్థానాన్ని తలవంపుగా భావించని ఆ హృదయం మనకు ఆదర్శం కావలె.

మన విద్యార్థినులు గుర్తుంచుకోవలసిన పేరు జోన్ బెనాయిట్. 1984లో అమెరికా ఒలింపిక్ జట్టు ఎంపిక పరుగుకు 17 రోజుల ముందు ఆమె మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. నొప్పితో మోకాలు కదలని స్థితిలో ఆమె సాధన ఆపి వైద్యానికి ఒప్పుకొన్నందువల్లనే ఇది సాధ్యమైనది. ఎంపిక పరుగు గెలిచి, ఆగస్టు 5న లాస్ ఏంజెలెస్‌లో ఒలింపిక్స్ చరిత్రలోనే మొదటి మహిళా మారథాన్‌ను 2 గంటల 24 నిమిషాల 52 సెకండ్లలో గెలిచింది. ఆమె పట్టుదలను మెచ్చుకొనేవారు, ఆమె సకాలంలో వైద్యుని వద్దకు వెళ్ళిన సంగతిని తరచుగా విస్మరిస్తారు.

జ్వరంలో పరుగు ఎందుకు కూడదు?

దేహపు వేడి ఒక్క డిగ్రీ సెంటిగ్రేడు పెరిగితే దేహం ఖర్చుచేసే శక్తి పదింట ఒక వంతుకు పైగా పెరుగుతుంది. గుండె నిమిషానికి సుమారు పది కొట్లు ఎక్కువగా కొట్టుకొంటుంది. జ్వరంతో పడుకొన్నవాడు కూడా ఒక విధంగా శ్రమిస్తున్నవాడే. దానిపై పరుగు శ్రమ చేరితే దేహపు వేడి ప్రమాదపు హద్దును దాటవచ్చును. అంతకంటే ముఖ్యమైనది గుండె సంగతి. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి సైతం వాపు కలిగిస్తాయి. ఆ స్థితిలో కఠిన వ్యాయామం చేస్తే గుండె లయ తప్పి ఆకస్మిక మరణం సంభవించవచ్చును. అందుచేతనే అటువంటి వాపు వచ్చిన క్రీడాకారులను వైద్యులు మూడు నుండి ఆరు మాసాలపాటు పోటీలకు దూరంగా ఉంచుతారు.

సామాన్యంగా పాటించదగిన సూత్రం ఒకటి ఉన్నది. బాధ మెడకు పైన మాత్రమే ఉంటే, అనగా ముక్కు కారడం, తుమ్ములు, కొద్దిపాటి గొంతు గరగర వంటివైతే, నెమ్మదిగా కొంతసేపు వ్యాయామం చేయవచ్చును. బాధ మెడకు క్రింద ఉంటే, అనగా రొమ్ము పట్టివేత, దగ్గు, కడుపు బాధ, ఒళ్ళునొప్పులు ఉంటే, లేదా ఏ కొంచెం జ్వరమున్నా, పరుగు పూర్తిగా మానవలె. ఎముక సంగతిలో కూడా ఇటువంటి గుర్తులే ఉన్నవి. పరుగెత్తిన మరునాడు కండరాలంతటా ఉండే తీపు సహజం. వేలితో చూపగలిగిన ఒకే చోట నొప్పి ఉండి, పరుగెత్తినకొద్దీ పెరుగుతూ, రాత్రి విశ్రాంతిలో కూడా బాధిస్తూ ఉంటే, అది ఎముక చిట్లిన సూచన కావచ్చును. అప్పుడు వైద్యునికి చూపించవలె.

తిరిగి మొదలుపెట్టుట

మన భాషలో “జ్వరం విడిచింది” అనే మాట వేరు, “తేరుకొన్నాడు” అనే మాట వేరు. ఈ రెంటి నడుమ పథ్యం పెట్టే రోజులున్నవి. మన పూర్వులు రోగానికీ ఆరోగ్యానికీ మధ్య మూడవ స్థితి ఒకటి ఉన్నదని ఎరిగినవారు. డెంగ్యూలోనైతే జ్వరం తగ్గే రోజులే అపాయకరమైనవి. మూడవ రోజు నుండి ఏడవ రోజు వరకు గల ఆ కాలంలో కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం కనిపిస్తే తక్షణం ఆసుపత్రికి వెళ్ళవలె. అటుపిమ్మట నీరసం వారాల తరబడి ఉండవచ్చును.

సాధన ఆగితే సంపాదించినదంతా పోతుందన్న భయమే చాలామందిని జబ్బులో పరుగెత్తిస్తుంది. ఈ భయానికి అంత ఆధారం లేదు. బాగా సాధన చేసినవారు పూర్తిగా ఆపివేసినా, మొదటి మూడు వారాలలో వారు ప్రాణవాయువును వినియోగించుకొనే శక్తి సుమారు 7 శాతమే తగ్గినట్లు పరీక్షలలో తేలింది. వారం రోజుల విశ్రాంతివల్ల కలిగే నష్టం చాలా స్వల్పం. జ్వరంలో చేసిన ఒక్క పరుగువల్ల నాకు కలిగిన నష్టం ఒక సంవత్సరం.

తేరుకొన్న తరువాత నేను పాటించిన క్రమం ఇది. మొదటి వారం నడక మాత్రమే. తరువాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. ప్రతి ఉదయం మంచం దిగకముందే నాడి లెక్కించి పుస్తకంలో వ్రాసికొనేవాడిని. మామూలుకంటే ఏడెనిమిది కొట్లు ఎక్కువగా ఉన్ననాడు పరుగు మానేవాడిని. పోయిన దూరాన్ని పూడ్చాలని రెట్టింపు పరుగెత్తలేదు.

ఒక విద్యార్థిని మాట

ఆ సెప్టెంబరులో తరగతిలో ఒక విద్యార్థి, “సార్, మీ పరుగు ఎలా జరిగింది?” అని అడిగినాడు. “పరుగెత్తలేదు. జ్వరాన్ని దాచి పరుగెత్తి ఆసుపత్రి పాలైనాను” అని ఉన్నమాట చెప్పినాను. చెప్పడం కష్టమే అయినది. తరగతి ముగిసిన తరువాత మన క్రీడాజట్టులోని ఒక అమ్మాయి వచ్చి, “సార్, నాకు మెట్లెక్కితే ఆయాసం వస్తున్నది. చెబితే జట్టులోనుండి పేరు తీసివేస్తారని ఇంట్లో కూడా చెప్పలేదు” అన్నది. ఆమె తల్లిని పిలిపించి రక్తపరీక్ష చేయించమన్నాము. హిమోగ్లోబిన్ 8.1 గ్రాములు మాత్రమే ఉన్నది. స్త్రీలకు అది 12కు తగ్గరాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఇటువంటి ఆడపిల్ల ఆయాసాన్ని బద్ధకమనుకొని ఇంకా పరుగెత్తమనడం ఎంత అన్యాయం! వైద్యుని పర్యవేక్షణలో ఇనుము మాత్రలు వాడి, ఆమె మరుసటి ఏడు తిరిగి మైదానంలోకి వచ్చింది.

ఈ అనుభవాన్ని పురస్కరించుకొని కళాశాల కమిటీవారికి నాదొక వినతి. ఏటా క్రీడోత్సవాలకు ముందు జట్టు సభ్యులందరికీ రక్తపరీక్ష, సామాన్య వైద్యపరీక్ష చేయించవలె. జబ్బు చెప్పి తప్పుకొన్న విద్యార్థి స్థానం మరుసటి పోటీకి అట్లే ఉంటుందని ముందుగానే ప్రకటించవలె. పేరు పోతుందన్న భయం ఉన్నంతకాలం పిల్లలు జబ్బును దాచుతూనే ఉంటారు. పెద్దవాడినైన నేనే దాచినాను.

ముగింపు

డెంగ్యూ వచ్చిన మరుసటి ఏడు నేను 21 కిలోమీటర్ల పరుగుతో సరిపెట్టుకొన్నాను. ఆపై ఏడు ఆగస్టులో 42 కిలోమీటర్లనూ 5 గంటల 31 నిమిషాలలో పూర్తిచేసినాను. అది గొప్ప వేగమేమీ కాదు. అయితే ఆ ఉదయం బయలుదేరేముందు ఒంట్లో ఎలా ఉన్నదో మా అమ్మీకి నిజం చెప్పి వెళ్ళినాను.

ప్రియ విద్యార్థులారా! పట్టుదల మంచిది. మైదానంలోగాని, పరీక్షలలోగాని, అది లేనిదే ఏదీ సాధింపబడదు. అయితే దేహం చెప్పే మాటను వినడం, విని ఆగడం, ఆగినానని నలుగురిలో ఒప్పుకోవడం కూడా పట్టుదలలో భాగాలే. ఒంట్లో నలతగా ఉన్ననాడు ఇంట్లో తల్లికో తండ్రికో, ఇక్కడ మీ అధ్యాపకునికో ఆ మాట చెప్పండి. ఈ వ్యాసం చదివి ఒక్క విద్యార్థి అట్లా చెప్పినా, నా శ్రమ ఫలించినట్లే భావిస్తాను.